టవరు గీసిన లక్ష్మణరేఖ

2020 మార్చి 24 రాత్రి ప్రధాని టీవీలో మాట్లాడుతూ, ప్రతి ఇంటి గడప ముందు ఒక లక్ష్మణరేఖ ఉందనుకోమన్నారు. రామాయణంలో గీత గీసినవాడు అడవిలోకి వెళ్లిపోయాడు. ఇక్కడ గీసినవాళ్లు వెళ్లలేదు, కాపలా కూడా కాశారు.

కాపలా పద్ధతి రాష్ట్రానికో రకం. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ టెలికాం కంపెనీల సాయంతో, ఇళ్లలో క్వారంటైన్‌లో ఉన్న పాతికవేల మందికి పైగా జనం ఫోన్ల మీద కన్నేసి ఉంచింది. ఫోన్ ఇంటి నుంచి వంద మీటర్లు దాటితే అధికారులకు కబురు పోతుందని ప్రకటించింది. తెలంగాణలో పోలీసులు యాప్‌ను నమ్ముకున్నారు. కర్ణాటక ఇంకో అడుగు ముందుకేసి, క్వారంటైన్‌లో ఉన్నవాళ్లు పొద్దున్నుంచి రాత్రి పది దాకా గంటకో సెల్ఫీ పంపాలంది.

వికారాబాద్ జిల్లా తాండూరు వాళ్లకు ఈ కబుర్లన్నీ పక్కింటి కబుర్లే. కాగ్నా నది అవతల కొంత దూరం పోతే కర్ణాటక. పెళ్లి సంబంధాలు, బండల వ్యాపారం, కందుల బేరం అన్నీ ఆ గట్టుకూ ఈ గట్టుకూ నడుస్తుంటాయి. అటు చిన్నాన్న గంటకోసారి మొహం ఫొటో తీసి పంపుతుంటే, ఇటు మేనల్లుడు ఫోన్ ఇంట్లో పెట్టి కల్లానికి పోయాడంటే నవ్వుకోవలసిన సంగతే.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వంద మీటర్లు. ఊరవతల కంది చేను పక్కన నిలబడి చూస్తే ఫోన్ టవరు ఎక్కడో దిక్కు చివర పుల్లలా కనిపిస్తుంది. అంత దూరంలో ఉన్న ఇనుప స్తంభానికి, నేను ఇంట్లో ఉన్నానో, వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఉన్నానో ఎలా తెలుస్తుంది?

ఒక అల సముద్రానికి, ఒక అల జేబుకు

జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. వికారాబాద్ పక్కనే దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. చెట్ల గురించి జరిగిన గొడవ అందరికీ గుర్తుంది. ఆ కేంద్రం చేసే పని మాత్రం చాలామందికి వింతగా ఉంటుంది. సముద్రం ఊసే లేని చోట నుంచి, నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడం దాని పని. అక్కడ వాడే అల ఒక్కోటి పది కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. అంత పొడుగు అలలు భూమిని అంటిపెట్టుకుని వేల కిలోమీటర్లు పోతాయి, ఉప్పునీటిలోకీ కొన్ని మీటర్లు దిగుతాయి. కానీ వాటి మీద ఎక్కువ సమాచారం ఎక్కించలేం. మాటలు పట్టవు, ముక్తసరి సంకేతాలే పోతాయి.

మన జేబులో ఫోన్ దీనికి పూర్తిగా తలకిందులు. దాని అల జానెడు, మహా అయితే మూరెడు. దాని మీద మాటలు, పాటలు, వీడియోలు ఎన్నైనా ఎక్కుతాయి. కష్టమల్లా ఏమిటంటే, ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఇచ్చిన అలల వాటా కొంతే. వాడేవాళ్లు కోట్లమంది. అందుకని ఈ ఊళ్లో వాడిన అలనే కొంచెం దూరంలోని ఇంకో ఊళ్లో మళ్లీ వాడుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలంటే ఒక్కో టవరు చూపును కావాలనే కొద్ది దూరానికి కట్టేయాలి. దేశమంతా ఇలా చిన్న చిన్న మడులుగా కోసిన పొలంలా తయారైంది. ఒక్కో మడికి ఇంగ్లిషు పేరు సెల్. సెల్ ఫోన్ అన్న మాట అక్కణ్నుంచే వచ్చింది.

మీరు ఎక్కడున్నారో కంపెనీకి తెలియడానికి కారణం ఇదే. ఎవరో కుట్ర చేసి పెట్టిన ఏర్పాటు కాదిది. మడులుగా కోసిన పొలంలో నీళ్లు మీకు అందాలంటే మీరు ఏ మడిలో ఉన్నారో తెలియక తప్పదు.

చాటింపు వేసే యంత్రం

మీకు దుబాయి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడనుకోండి. దేశంలో ఉన్న లక్షల టవర్లన్నీ ఒకేసారి మీ పేరు పిలవలేవు. వెనకటికి ఊళ్లో డప్పు చాటింపు వేసినట్టే, కొన్ని టవర్లను కలిపి ఒక జట్టు చేస్తారు. మీరు ఏ జట్టు పరిధిలో ఉన్నారో కంపెనీ చిరునామా పుస్తకంలో రాసి ఉంటుంది. కాల్ రాగానే ఆ జట్టులోని టవర్లన్నీ చాటింపు వేస్తాయి. ‘ఇక్కడే ఉన్నా’ అని మీ ఫోన్ పలుకుతుంది. అప్పుడు రింగవుతుంది.

చిరునామా పుస్తకం తాజాగా ఉండాలంటే ఫోన్ ఒక జట్టు నుంచి ఇంకో జట్టులోకి అడుగుపెట్టినప్పుడల్లా చెప్పుకోవాలి. కదలకుండా కూర్చున్నా అప్పుడప్పుడూ ‘బతికే ఉన్నా’ అనాలి. ఫోన్ మాట్లాడినప్పుడు, మెసేజ్ పంపినప్పుడు, నెట్ వాడినప్పుడు ఏ టవరు ద్వారా జరిగిందో రికార్డులో పడుతుంది. పోలీసు భాషలో దాని పేరు సీడీఆర్. ఈ రికార్డును కనీసం రెండేళ్లు దాచి ఉంచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో కంపెనీల లైసెన్సు నిబంధన మార్చింది. అంతకు ముందు ఏడాదే.

ఇందులో మీరు ఏం మాట్లాడారో ఉండదు. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కణ్నుంచి అన్నదే ఉంటుంది.

బాక్స్: ట్యాపింగ్ వేరు, ఇది వేరు

తెలంగాణలో 2024 మార్చి నుంచి పత్రికల్లో నలుగుతున్న కేసు ఫోన్ ట్యాపింగ్‌ది, అంటే మాటలు దొంగచాటుగా విన్నారన్న ఆరోపణది. ట్యాపింగ్‌కు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోనే షరతులుండేవి. ప్రజా అత్యవసర పరిస్థితో ప్రజల భద్రత అవసరమో ఉండాలి. ఆ రెండూ రహస్యంగా ఉండేవి కావని, మామూలు మనిషికి కూడా కళ్లెదుట కనిపించేవై ఉండాలని 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వు ఎవరివ్వాలో, దాన్ని ఎవరు సమీక్షించాలో కూడా ఆ తీర్పే నిర్దేశించింది. పాత చట్టం స్థానంలో ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ‘ఎక్కడున్నారు’ అన్న సమాచారానికి మాత్రం ‘ఏం మాట్లాడారు’ అన్నదానికున్నంత గట్టి కాపలా ఎప్పుడూ లేదు. మాట విలువైనదని, చోటు చిల్లర సంగతని పాతకాలపు అంచనా. అప్పట్లో ఫోను గోడకు కట్టి ఉండేది మరి.

విరిగిన గాజు ముక్క

ఆ మధ్య వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్తూ, ఫోన్ ఏ టవరుతో మాట్లాడుతోందో చూపించే ఉచిత యాప్ ఒకటి తెరిచి కూర్చున్నాను. దాదాపు 40 కిలోమీటర్ల దారి. టవరు నంబరు మారినప్పుడల్లా కాగితం మీద గీత పెడదామని మొదలుపెట్టి, ధారూరు దాటాక లెక్క తప్పాను. తమాషా ఏమిటంటే, రుక్మాపూర్ దగ్గర సిగ్నల్ కోసం రైలు కాసేపు ఆగింది. మేం కదల్లేదు, నంబరు మాత్రం రెండుసార్లు మారి మళ్లీ మొదటిదానికే వచ్చింది.

టవరు తల మీద సాధారణంగా మూడు వైపులకు మూడు యాంటెన్నాలుంటాయి. ఒక్కోటి గుండ్రటి రొట్టెలో మూడో వంతు చూసుకుంటుంది. కాబట్టి మీరు ఏ వంతులో ఉన్నారో తెలుస్తుంది. అల వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కూడా తెలుస్తుంది. పాత 2జీలో ఆ కొలత మెట్టు దాదాపు 550 మీటర్లు. 4జీలో 80 మీటర్ల లోపు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 80 మీటర్లలోపు తెలిసిపోయాక వంద మీటర్ల గీత ఎందుకు గీయలేం అంటారు. తెలిసింది దూరం మాత్రమే, దిక్కు కాదు. టవరుకు మూడు కిలోమీటర్ల దూరంలో మీరున్నారంటే, మీరుండగల చోటు విరిగిన గాజు ముక్కలాంటి వంపు. రొట్టెలో మూడో వంతు అన్నాం కదా, ఆ లెక్కన ఆ వంపు పొడవు ఆరు కిలోమీటర్ల పైమాటే. అందులో మీ ఇల్లూ ఉంది, కిరాణా కొట్టూ ఉంది, పక్క ఊరి బడి కూడా ఉంది.

నగరంలో కథ మారుతుంది. టవర్లు వీధికొకటి. రెండు మూడు గాజు ముక్కలు ఒకదాన్నొకటి కోసుకున్న చోట మీరుంటారు. బంజారాహిల్స్‌లో పనికొచ్చే పరికరం బషీరాబాద్ మండలంలో పనికిరాదు. పైగా సరిహద్దు ఊళ్లలో ఫోన్ ఇంట్లోనే ఉండి కర్ణాటక టవరును పట్టుకోవడం మామూలే. రేడియో అలకు రాష్ట్రాల విభజన తెలియదు. మంచం మీద పడుకున్నవాడు టవరు లెక్కలో రాష్ట్రం దాటినట్టు తేలుతాడు. సరిగ్గా అదే సమయంలో నిజంగా వీధిలోకి పోయినవాడు అదే టవరు కింద ఉంటాడు కాబట్టి లెక్కలో మహా బుద్ధిమంతుడు.

యాప్ అయితే జీపీఎస్ వాడుతుంది. ఆరుబయట ఐదు పది మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. ఇందులో ఒక అపోహ తీర్చాలి. ఉపగ్రహం మనల్ని చూడదు. ఇరవైవేల కిలోమీటర్ల ఎత్తు నుంచి అది టైము చెబుతుందంతే, పాతకాలం రేడియో స్టేషన్ గంట కొట్టినట్టు. నాలుగు ఉపగ్రహాల గంటలు విని ఫోనే తన చోటు లెక్కకట్టుకుంటుంది. ఆ చోటును బయటికి చేరవేసేది యాప్. బండల కప్పు కింద, లోపలి గదిలో ఆ గంటలు సన్నగా వినిపిస్తాయి, లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు అసలు లెక్కలోనే లేదు. వీళ్లందరూ కనిపెట్టింది ఫోన్‌ను. ఇంటికొక ఫోన్ ఉన్న ఊళ్లో అది తల్లి దగ్గర ఉందో, గనికి పోయిన కొడుకు దగ్గర ఉందో ఏ టవరూ చెప్పలేదు.

రోగం కొలత, మనిషి కొలత

రోగులను విడిగా ఉంచడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. అనంతగిరి గుట్టల మీది టీబీ శానటోరియం నిజాం కాలం నాటిది. అక్కడ దూరం అంటే మంచానికీ మంచానికీ మధ్య దూరం. కోవిడ్‌లోనూ కొలత అదే, మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాలు అన్నాం. టవరు కొలిచేది కిలోమీటర్లలో. జొన్న గింజను ధాన్యం బస్తాల కాటా మీద తూచినట్టు.

మరి ఈ కాటాతో ఏం దొరుకుతుంది? గుంపు దొరుకుతుంది. 2020 మేలో సియోల్ నగరంలోని ఇటేవాన్ క్లబ్బుల నుంచి కోవిడ్ పాకినప్పుడు, దక్షిణ కొరియా ఆ పరిసరాల టవర్ల రికార్డు తిరగేసి 10,905 మందిని గుర్తించింది. పోలీసులు దీన్నే టవర్ డంప్ అంటారు. ఆ టవరు కింద ఆ సమయంలో ఉన్న ప్రతి ఫోన్ జాబితా. అందులో క్లబ్బుకు వెళ్లినవాళ్లున్నారు, పక్క వీధిలో నూడుల్స్ తిని పోయినవాళ్లూ ఉన్నారు. స్వలింగ సంపర్కులు వెళ్లే క్లబ్బులని ప్రచారం కావడంతో పరీక్షకు రావడానికే చాలామంది భయపడ్డారు. చివరికి పేరు చెప్పకుండా పరీక్ష చేయించుకోవచ్చని అక్కడి అధికారులు ఒప్పుకోవలసి వచ్చింది. మన దగ్గర ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లిగీ జమాత్ సభకు వెళ్లొచ్చినవారిని వెతకడానికి పోలీసులు ఫోన్ల సమాచారం వాడారు. ఆ తర్వాత ఒక మతం వాళ్ల మీద ఎన్ని మాటలు పడ్డాయో ఊరూరా చూశాం. జాబితా దాచుకునేవాడి చేతిలో ఆగదు, వీధిలోకి వస్తుంది.

రెండు గజాల కొలతకు దగ్గరగా వచ్చింది బ్లూటూత్. 2020 ఏప్రిల్ 2న వచ్చిన కేంద్ర ప్రభుత్వ యాప్ ఆరోగ్య సేతు పని అదే. పక్కపక్కన ఉన్న రెండు ఫోన్లు ఒకదానికొకటి చీటీలు ఇచ్చుకుంటాయి. తర్వాత ఒకరికి పాజిటివ్ వస్తే ఆ చీటీలు పట్టుకుని రెండోవారిని హెచ్చరిస్తారు. బ్లూటూత్‌కూ లోపాలున్నాయి. గోడ అవతలి మనిషి పక్కనే ఉన్నట్టు కనిపిస్తాడు. జేబుకూ జేబుకూ మధ్య ఒళ్లు అడ్డమొస్తే పక్కనున్నవాడు దూరంగా కనిపిస్తాడు. అయినా రోగం నడిచే దారికి ఇది చాలా దగ్గర. గూగుల్, యాపిల్ కలిసి తయారుచేసిన పద్ధతి చీటీలతోనే సరిపెట్టుకుంది, మీరెక్కడున్నారన్నది అడగలేదు. ఆరోగ్య సేతు చీటీలతో పాటు జీపీఎస్ చోటు కూడా రాసుకుంది. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. రోగం పట్టుకోవడానికి చీటీ చాలు. చోటు రాసుకోవాలనిపించేది మనిషిని పట్టుకోవాలనుకున్నప్పుడు.

రోగానికి అంత మొరటుగా ఉన్న టవరు కాటా మనిషి విషయంలో ఎంత నాజూకో 2013లో ఇవ్ అలెగ్జాండర్ డి మోంట్‌జోయ్ బృందం లెక్కగట్టింది. పదిహేను లక్షల మంది ఫోన్ రికార్డులు, పేర్లు తీసేసినవి, పరిశీలించారు. ఏ నాలుగు సమయాల్లో ఏ టవర్ల కింద ఉన్నారో తెలిస్తే చాలు, నూటికి 95 మందిని విడిగా గుర్తించవచ్చని తేలింది. నమ్మశక్యం కాదు కానీ మన మీదే వేసి చూసుకోవచ్చు. సోమవారం పొద్దున వికారాబాద్ కోర్టు వైపు, బుధవారం తాండూరు ఆసుపత్రి దగ్గర, గురువారం రాత్రి ఫలానా కాలనీ, ఆదివారం కొడంగల్. ఈ నాలుగూ కలిసే మనిషి జిల్లాలో ఇంకొకరుంటారా? వంద మీటర్లు తెలియకపోయినా పర్వాలేదు, అతని కేసు, రోగం, స్నేహం, అత్తగారి ఊరు తెలిసిపోయాయి.

బాక్స్: పేరు తీసేస్తే సరిపోతుందా?

2020 ఫిబ్రవరిలో, దేశంలో కోవిడ్ ఇంకా మొదలవుతుండగానే, కొన్ని సర్కిళ్లలోని వినియోగదారులందరి సీడీఆర్‌లను గంపగుత్తగా అడుగుతున్నారని సెల్యులార్ ఆపరేటర్ల సంఘం టెలికాం శాఖకు లేఖ రాసింది. అందులో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూడా ఉంది. టెలికాం లెక్కల్లో ఆ సర్కిల్ అంటే తెలంగాణ కూడా, కాబట్టి తాండూరు కూడా. కాల్స్ తెగిపోతున్నాయన్న ఫిర్యాదుల కోసమేనని, ఎవరి పేర్లూ అందులో ఉండవని శాఖ వివరణ ఇచ్చింది. నాలుగు టవర్ల లెక్క తెలిశాక ఆ వివరణ ఎంతవరకు ఊరటనిస్తుందో పాఠకులే చూసుకోవచ్చు.

కోర్టు అడిగే మీటర్లు

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అంటువ్యాధిలో కూడా ఆ హక్కు ఎప్పటిలాగే ఉండాలని తీర్పు అనలేదు. ప్రభుత్వం అందులో చొరబడవచ్చు. కానీ దానికో చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, ఎంచుకున్న పద్ధతి ఆ ఉద్దేశానికి పనికొచ్చేదై, అవసరమైనంత మేరకే ఉండాలి, దుర్వినియోగం కాకుండా కట్టుబాట్లుండాలి.

ఈ ప్రశ్నలను కాగితం మీది న్యాయశాస్త్రం అనుకుంటాం. గాజు ముక్క లెక్క చేశాక అవి మీటర్ల ప్రశ్నలవుతాయి. ఆరు కిలోమీటర్ల వంపు చూపించే పరికరంతో వంద మీటర్ల గీత కాస్తామంటే, పద్ధతి ఉద్దేశానికి పనికొచ్చేదేనా? పాతికవేలమంది బతుకులు తెరిచిపెట్టినందుకు అటు నుంచి ఏమొచ్చింది?

చట్టం సంగతి మరీ పలచన. చేతిలో ఉన్నవి 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం. మొదటిది బొంబాయి ప్లేగు రోజుల్లో నాలుగు సెక్షన్లతో రాసింది. రెండింటిలోనూ ఫోన్ల మీద నిఘా గురించి ఒక్క వాక్యం లేదు. ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతు తప్పనిసరి అని 2020 మే 1న కేంద్ర హోంశాఖ అన్నప్పుడు, డేటా రక్షణ చట్టం ముసాయిదా రాసిన కమిటీ అధ్యక్షుడు జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణే అది చట్టవిరుద్ధం అన్నారు. మే 17 నాటికి ఆ ‘తప్పనిసరి’ మెత్తబడింది. ఇజ్రాయెల్‌లో గూఢచారి సంస్థ షిన్‌బెట్ చేత రోగుల ఫోన్ల జాడ తీయిస్తుంటే, 2020 ఏప్రిల్ 26న అక్కడి సుప్రీంకోర్టు పార్లమెంటులో చట్టం చేసుకు రమ్మంది. వెంటనే ఆపండి అనలేదు, కొనసాగించాలంటే నలుగురిలో చర్చించి చేయండంది. మనకు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో అంటువ్యాధి సమయంలో వైద్యసేవల కోసం వాడే సమాచారానికి మన సమ్మతి అక్కర్లేదని రాసుంది. మీటర్ల ఊసు లేదు.

వేపమండ తీసే రోజు

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లు. అది కూడా నిఘానే, కాదనను. పాలవాడు గడప బయట నుంచే పోసి పోయేవాడు. చుట్టాలు మండ చూసి వెనక్కి తిరిగేవాళ్లు. కానీ ఆ మండ మాకు కనిపించేది. మా ఇంట్లోవాళ్లే కట్టారు. లోపల ఎవరు పడుకున్నారో, నిన్న ఎక్కడికి వెళ్లొచ్చారో అది చెప్పేది కాదు.

ఫోన్ నిఘాకు ముగింపు తేదీ పెట్టడం ఎంత కష్టమో దేశదేశాల్లో కనిపించింది. సింగపూర్ తన ట్రేస్‌టుగెదర్ యాప్ సమాచారం రోగం జాడకే వాడతామని చెప్పి, పోలీసులకు కూడా అందుబాటులో ఉందని 2021 జనవరిలో పార్లమెంటులో ఒప్పుకుంది. గొడవయ్యాక, ఏయే ఘోర నేరాలకు వాడవచ్చో చెబుతూ చట్టం చేసింది. ఆరోగ్య సేతుకు 2020 మే 11న ఒక నియమావళి ఇచ్చారు. సేకరించిన సమాచారం 180 రోజులకు మించి ఉంచకూడదు, నియమావళే ఆరు నెలలకు ముగియాలి, కావాలంటే పొడిగించుకోవచ్చు. ఆ సమాచారం చెరిపేశామన్న మాట పార్లమెంటులో వినిపించింది 2023 ఫిబ్రవరిలో.

మా ఇంట్లో మండ తీసేది అమ్మమ్మ. మచ్చలు మాడి, వేపాకు కాచిన నీళ్లు పోసిన రోజు, పొద్దెక్కక ముందే ముక్కాలిపీట వేసుకుని ఎక్కి విప్పేది. అప్పటికి ఆకులన్నీ గలగలమనేవి. దాన్ని పొయ్యిలో వేయనిచ్చేది కాదు, వీధిలో పారేయనిచ్చేది కాదు. కొంగులో చుట్టుకుని వాగు దాకా నడిచి, పారే నీళ్లలో వదిలి, అది మలుపు తిరిగేదాకా నిలబడి చూసి వచ్చేది.